కాటా ఇచ్చే తీర్పు చెల్లదు

బరువు తగ్గితే, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియాకు వాడే సీప్యాప్ మిషన్‌ని అటకెక్కించేయొచ్చన్న మాట ఆస్ట్రేలియా తెలుగువాళ్లలో ఎంత ధీమాగా తిరుగుతోందో వింటుంటే ఒళ్లు మండిపోతోంది. మెల్‌బోర్న్ టార్నీట్‌లో పుట్టినరోజు విందులో అదే మాట. సిడ్నీ వెంట్‌వర్త్‌విల్‌లో కిరాణా కొట్టు బయట అదే మాట. "బావా, పది కిలోలు దించు, ఆ గొట్టం పీడ దానంతటదే వదిలిపోతుంది." చెప్పేవాడికి అవతలివాడి గొంతు నిద్రలో గంటకు ఎన్నిసార్లు మూసుకుపోతోందో తెలీదు. దవడ ఎలాంటిదో తెలీదు. రాత్రిపూట ఆక్సిజన్ ఎంతకు పడిపోతోందో తెలీదు. తెలిసిందల్లా కాటా మీద కనిపించే అంకె. ఆ ఒక్క అంకె పట్టుకుని మనిషి ఊపిరి సంగతి తేల్చేస్తున్నారు.

బరువు తగ్గొద్దని నేను అనడం లేదు. తగ్గాలి. కొంతమందికి బరువుతో పాటు ఆ జబ్బు కూడా నిజంగానే పోతుంది. నా కోపమంతా ఆ తర్వాతి అడుగు మీద. తగ్గాడు కాబట్టి నయమైపోయిందని ఎవరు తేల్చారు? ఏ టెస్టు చేసి తేల్చారు? మిషన్ ఆపాలో వద్దో మళ్లీ చేయించుకున్న స్లీప్ స్టడీ చెప్పాలి. ఆ రిపోర్టు చేతికి వచ్చేదాకా మాస్క్ ముఖం మీద ఉండాల్సిందే. నేను చెప్పేది ఇంతే. ఇంత మాత్రం చెప్పడానికి మన చుట్టూ ఎవరికీ నోరు పెగలడం లేదు.

ఈ మిషన్ పుట్టిందే ఈ దేశంలో. 1980 జూన్‌లో సిడ్నీ రాయల్ ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ హాస్పిటల్‌లో కాలిన్ సల్లివాన్ అనే డాక్టర్ ఒక రోగి ముక్కుకు మాస్క్ అమర్చి, మోటారుతో గాలి ఊది, నిద్రలో మూసుకుపోయే గొంతును తెల్లవార్లూ తెరిచి ఉంచగలిగాడు. అప్పటిదాకా జబ్బు ముదిరినవాళ్లకు దిక్కు ట్రాకియాస్టమీ ఒక్కటే, అంటే మెడ ముందు భాగంలో రంధ్రం పెట్టి గొట్టం దించడం. ఐదుగురు రోగుల మీద వచ్చిన ఫలితాలు 1981 ఏప్రిల్‌లో లాన్సెట్ పత్రికలో అచ్చయ్యాయి. నాలుక వెనక, ఎముక ఆసరా లేని మెత్తటి దారికి గాలి ఒత్తిడినే ఆసరా చేయడం సల్లివాన్ ఆలోచన. గాలి వీస్తున్నంతసేపే ఆ ఆసరా. మాస్క్ తీసేసిన రాత్రి అది మళ్లీ పాత గొంతే.

సరిగ్గా ఇక్కడే మనవాళ్లు దారుణంగా పొరబడుతున్నారు. పొద్దున లేవగానే మిషన్ తెర మీద, ఊపిరి ఆగింది గంటకు 2 సార్లు అనో, 1.5 అనో కనిపిస్తుంది. పక్కన ఆకుపచ్చ గుర్తు కూడా ఉంటుంది. దాన్ని ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి, "చూడండి, నాది రెండుకొచ్చింది, ఇక మిషన్ అవసరం లేదు" అని రాసేవాళ్లను నేను చూశాను. అయ్యా, ఆ రెండు మాస్క్ పెట్టుకుని నిద్రపోయినప్పటి రెండు. మిషన్ తన పని తాను చేస్తోందని మాత్రమే దానర్థం. కళ్లజోడు పెట్టుకుని అక్షరాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి కాబట్టి చూపు బాగైపోయిందని జోడు పారేయడం లాంటిదే ఇది. మాస్క్ లేకుండా గొంతు ఎలా ఉందన్నది ఆ తెర ఏ రోజూ చెప్పలేదు. ఆ ఫోటో కింద చప్పట్ల బొమ్మలు పెట్టే ముప్ఫై మందిలో ఒక్కరు కూడా ఈ ముక్క చెప్పరు.

ఇప్పుడు లెక్కలు చూద్దాం. మెల్‌బోర్న్‌లోనే జరిగిన పరీక్ష ఒకటుంది. దాని గురించి మన ఫిట్‌నెస్ కోచ్‌లు ఎవరూ మాట్లాడరు. జాన్ డిక్సన్, ఆయన సహచరులు చేసిన ఆ అధ్యయనం 2012లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. 60 మంది. అందరిదీ భారీకాయం, బీఎంఐ 35కీ 55కీ మధ్య. అందరికీ కొత్తగా స్లీప్ ఆప్నియా తేలింది. ఊపిరి ఆగిపోవడమో, బాగా సన్నబడిపోవడమో గంటకు కనీసం 20 సార్లు జరుగుతోంది. గంటకు ఇన్నిసార్లు అనే ఈ లెక్కనే ఏహెచ్ఐ అంటారు. 5 లోపు ఉంటే మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. సగం మందికి పొట్టకు బ్యాండ్ వేసే ఆపరేషన్ చేశారు. మిగతా సగానికి ఆహారం, వ్యాయామం, డాక్టర్ల పర్యవేక్షణ. రెండేళ్ల తర్వాత చూస్తే ఆపరేషన్ అయినవాళ్లు సగటున 27.8 కిలోలు తగ్గారు. రెండో గుంపు 5.1 కిలోలు. ఐదు రెట్లకు పైగా తేడా. మరి గొంతు సంగతి? ఆపరేషన్ గుంపులో ఏహెచ్ఐ 25.5 తగ్గింది, రెండో గుంపులో 14 తగ్గింది. ఈ తేడా కాకతాళీయంగా కూడా వచ్చి ఉండొచ్చని గణాంకాలు చెప్పాయి. ఆపరేషన్ అయినవాళ్ల సగటు కూడా తీవ్రం అనే స్థాయి దిగి కిందికి రాలేదు.

ఇంకోసారి చదవండి. దాదాపు 28 కిలోలు. మన సంఘాల పార్టీల్లో ఎవరైనా 28 కిలోలు తగ్గి కనిపిస్తే స్టేజీ ఎక్కించి శాలువా కప్పుతాం. అలాంటి మనిషి గొంతు కూడా రాత్రి మూసుకుపోతూనే ఉండొచ్చు. అలాంటప్పుడు పది కిలోలు తగ్గినవాడికి "ఇక మిషన్ పక్కన పెట్టెయ్" అని చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు?

అమెరికాలో విస్కాన్సిన్ అధ్యయనం 2000లో ఒక అంచనా ఇచ్చింది. బరువు 10 శాతం తగ్గితే ఏహెచ్ఐ సగటున 26 శాతం తగ్గుతుంది, 10 శాతం పెరిగితే 32 శాతం పెరుగుతుంది. 80 కిలోల మనిషి కష్టపడి 8 కిలోలు దించాడనుకోండి. ఏహెచ్ఐ 40 ఉన్నది 30 దగ్గరికి వస్తుంది. అది మంచి మార్పే, సంతోషించాల్సిందే. నయం కావడం మాత్రం కాదు.

ఇప్పుడు బరువు తగ్గించే ఇంజక్షన్ల కాలం వచ్చింది. టిర్జెపటైడ్ అనే మందు మీద స్లీప్ ఆప్నియా రోగుల్లో జరిగిన పెద్ద ట్రయల్ 2024 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. సిడ్నీ నిద్ర వైద్యుడు రాన్ గ్రన్‌స్టైన్ అందులో ఒక రచయిత. 469 మంది, 52 వారాలు. మొదట్లో ఏహెచ్ఐ సగటు 50 దగ్గర ఉంది. మందు తీసుకున్నవాళ్లలో అది సుమారు సగానికి దిగింది, బరువు 18 నుంచి 20 శాతం తగ్గింది. ఇది గొప్ప ఫలితం, నేను కాదనను. అదే ఏడాది డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందును స్లీప్ ఆప్నియాకు ఆమోదించింది కూడా. ఆ వార్త రాగానే "ఇక సీప్యాప్‌కి కాలం చెల్లింది" అని మన గ్రూపుల్లో పండగ చేసుకున్నారు. ట్రయల్ లోపలికి వెళ్లి చదివినవాళ్లెవరు? జబ్బు దాదాపు పోయిందని, లేదా లక్షణాలు లేని స్వల్ప స్థాయికి వచ్చిందని చెప్పగలిగింది మందు తీసుకున్న ఒక గుంపులో 42 శాతం మందికి, ఇంకో గుంపులో 50 శాతం మందికి. మిగతా సగానికి అలా జరగలేదు. అంత బలమైన మందు ఏడాది వాడాక వచ్చిన లెక్క ఇది. ఆ సగంలో మీరున్నారో లేదో కాటా ఎలా చెబుతుంది?

ఆ మందు ఆపేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. అదే టిర్జెపటైడ్ మీద ఇంకో ట్రయల్‌లో 36 వారాల్లో సుమారు 21 శాతం బరువు తగ్గినవాళ్లలో కొందరికి మందు మాన్పించి ఉత్తి సూది ఇచ్చి చూశారు. తగ్గినదాంట్లో చాలా భాగం ఏడాదిలో వెనక్కి వచ్చింది. నెలకు వందల డాలర్లు పోసి మందు కొనలేక ఆపేసినవాడికి బరువు తిరిగొస్తుంది, గొంతు చుట్టూ కొవ్వు తిరిగొస్తుంది. మిషన్ మాత్రం ఎప్పుడో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్ముడైపోయి ఉంటుంది.

మన మనుషులకు ప్రత్యేకంగా సంబంధించిన సంగతి ఇంకొకటుంది. స్లీప్ ఆప్నియా మీద జరిగిన ఆ మొదటి ట్రయల్‌లో సగటు బీఎంఐ 39. ఐదు అడుగుల ఏడు అంగుళాల మనిషికి అది సుమారు 113 కిలోలు. బ్లాక్‌టౌన్‌లోనో, పాయింట్ కుక్‌లోనో స్లీప్ స్టడీ చేయించుకుని సీప్యాప్ తెచ్చుకున్న మన ఐటీ ఉద్యోగి చూడండి. అదే ఎత్తు, 80 కిలోలు, కాస్త పొట్ట. బీఎంఐ 28 కూడా ఉండదు. ఆ ట్రయల్‌లోకి అతన్ని రానిచ్చేవాళ్లే కాదు. 113 కిలోల మనిషి మీద వచ్చిన ఫలితాన్ని 80 కిలోల మనిషికి అంటగట్టి ధైర్యం చెబుతున్నాం.

80 కిలోల మనిషికి ఆ జబ్బు అసలెందుకు వచ్చింది? ఈ ప్రశ్నే ఎవరూ వేయరు. సిడ్నీలో పీటర్ సిస్టుల్లి, రిచర్డ్ లీ బృందం 2010లో హాంగ్‌కాంగ్ చైనీయులనూ సిడ్నీలోని తెల్లవాళ్లనూ పక్కపక్కన పెట్టి పోల్చింది. జబ్బు ఒకే తీవ్రతలో ఉన్నప్పుడు తెల్లవాళ్లలో లావు ఎక్కువ కనిపించింది, చైనీయుల్లో దవడ, ముఖం ఎముకల ఇరుకు ఎక్కువ కనిపించింది. అది తెలుగువాళ్ల మీద చేసిన అధ్యయనం కాదు. కానీ అది నేర్పిన విషయం అందరికీ వర్తిస్తుంది. గొంతు ఇరుకు రెండు వైపుల నుంచి రావచ్చు, లోపల పెరిగే మాంసం వల్లా, చుట్టూ ఉండే ఎముక గూడు చిన్నదవడం వల్లా. మాంసం తరుగుతుంది. చిన్న గడ్డం, వెనక్కి ఉన్న దవడ వాకింగ్ చేస్తే ముందుకు రావు. ఇంత సులువైన విషయాన్ని మన ఫిట్‌నెస్ గురువులు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. సన్నగా ఉన్న మనిషికి "నీకు స్లీప్ ఆప్నియా ఏంటయ్యా, అది లావుపాటివాళ్ల జబ్బు కదా" అని చెప్పి పంపేది కూడా వీళ్లే.

ఎముక ఒక్కటే అయితే అదో సంగతి. డానీ ఎకర్ట్ ఇప్పుడు అడిలైడ్ ఫ్లిండర్స్ యూనివర్సిటీలో ఉన్నాడు. 2013లో తన సహచరులతో కలిసి ఆయన చూపించిందేమిటంటే, రోగుల్లో సుమారు 70 శాతం మందికి గొంతు ఇరుకుతో పాటు వేరే కారణం కూడా ఉంది. కొందరికి నిద్రలో గొంతు కండరాలు బదులివ్వవు. కొందరు చిన్న ఇబ్బందికే మేలుకుంటారు, గొంతు సర్దుకునే వ్యవధి ఇవ్వరు. కొందరికి ఊపిరిని నడిపే వ్యవస్థే అతిగా స్పందిస్తుంది. వీటిలో ఏదీ మీ డైట్ చార్టులో లేదు. బరువు తగ్గినప్పుడు గొంతు ఎందుకు బాగుపడుతుందో కూడా ఈ మధ్య బాగా తెలిసింది. 2020లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ బృందం ఎమ్మారై తీసి చూస్తే, ఆ మేలులో పెద్ద వాటా నాలుకలోని కొవ్వు కరగడం వల్ల వచ్చింది. నాలుకలో కొవ్వు ఎక్కువున్న మనిషికి ఫలితం కనిపిస్తుంది. లేని మనిషికి కరగడానికి అక్కడేముంది?

ఒక మనిషి సంగతి చెబుతాను. మా వీధిలో కౌన్సిల్ వాళ్లు పాత సామాను ఎత్తుకెళ్లే వారం. విరిగిన కుర్చీ, పాత పరుపు, వాటి మీద బూడిద రంగు సీప్యాప్ మిషన్, గొట్టం చుట్టచుట్టి ఉంది. నీళ్ల డబ్బా లోపల తెల్లగా ఉప్పు పేరుకుంది. ఆ ఇల్లు కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకాయనది. ఎందుకు పడేశావని అడిగితే, ఛాతీ విరుచుకుని చెప్పాడు. "పద్నాలుగు కిలోలు తగ్గిన అన్నా. గురక సుత పోయింది. ఇగ దీంతోని నాకేం పని?" తలుపు దగ్గర నిలబడ్డ ఆయన భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. నెమ్మదిగా అంది, "గురక తక్కువైంది అన్నా. కానీ నడుమ నడుమ సప్పుడే ఉండదు. నేను లేచి ముక్కు కాడ చెయ్యి పెట్టి చూస్త." ఆయన నవ్వి కొట్టిపారేశాడు. నాకు నవ్వు రాలేదు. గురక అంటే గాలి ఎంతో కొంత పోతున్నట్టు. చప్పుడే లేదంటే గాలే పోవడం లేదేమో అని భయపడాలి. ఆమె డాక్టర్ కాదు, కానీ ఆ ఇంట్లో జబ్బును కళ్లతో చూస్తున్నది ఆమె ఒక్కతే. ఆ మిషన్ నేనే లోపలికి తెచ్చి పెట్టాను. రెండోసారి టెస్టు చేయిస్తే జబ్బు మునుపటికన్నా తగ్గింది, మధ్యస్థం దగ్గర ఆగింది. పక్కకు పడుకున్నప్పుడు ఫర్వాలేదు, వెల్లకిలా పడుకుంటే గొంతు మూసుకుంటోంది. బరువు తగ్గాక చాలామందిలో జరిగేది ఇదేనని మెల్‌బోర్న్ పరిశోధకులు కూడా చూపించారు. గురకలో వచ్చిన మార్పును బట్టి చికిత్స ఆపేసేవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలిసే అవకాశం లేదు.

ఇక కొందరు డాక్టర్ల సంగతి. "ముందు బరువు తగ్గి రండి, తర్వాత చూద్దాం" అని చెప్పి పంపే జీపీలు ఉన్నారు. నాకు తెలిసిన ఒకావిడకు సరిగ్గా ఇదే జరిగింది. పగలంతా కునికిపాట్లు, పొద్దున్నే తలనొప్పి. స్లీప్ స్టడీకి రిఫరల్ కూడా రాయకుండా డైటీషియన్ దగ్గరికి తోశారు. నిద్ర లేని మనిషికి ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ, సాయంత్రం నడకకు వెళ్లే బలం ఉండదు. ఆ మనిషిని బరువు తగ్గి రమ్మని, తగ్గేదాకా చికిత్స ఇవ్వననడం వైద్యమా? శిక్షా? తగ్గలేకపోతే తప్పు ఆమెదే అవుతుంది. సిగ్గుతో మళ్లీ ఆ క్లినిక్ మెట్లు ఎక్కదు. 2014లో అమెరికాలో 181 మంది మీద ఒక ట్రయల్ జరిగింది. సీప్యాప్ ఒక్కటే, బరువు తగ్గడం ఒక్కటే, రెండూ కలిపి అని మూడు గుంపులు. రెండూ కలిపి శ్రద్ధగా చేసినవాళ్లకే రక్తపోటు ఎక్కువగా దిగింది. అంటే ఒకటి అయ్యాక రెండోది అన్న వరసే తప్పు. రెండూ మొదటి రోజు నుంచే కలిసి నడవాలి.

మిషన్ సర్వరోగ నివారిణి అని కూడా నేను వాదించడం లేదు. అడిలైడ్ నుంచి డగ్ మెకావోయ్ నడిపిన సేవ్ ట్రయల్‌లో 2,717 మంది ఉన్నారు, భారత్ నుంచి కూడా. గుండె జబ్బో, పక్షవాతం చరిత్రో ఉన్నవాళ్లకు సీప్యాప్ ఇస్తే మళ్లీ గుండెపోట్లు, స్ట్రోకులు తగ్గలేదు. 2016లో ఈ ఫలితం వచ్చింది. దాన్ని ఊపుకుంటూ "మిషన్ వల్ల ఉపయోగమే లేదు" అనేవాళ్లు మిగతా సగం చెప్పరు. ఆ ట్రయల్‌లో మిషన్ ఇచ్చినవాళ్లు రాత్రికి సగటున 3.3 గంటలే మాస్క్ పెట్టుకున్నారు. అయినా పగటి నిద్ర తగ్గింది, మనసు బాగుపడింది, అనారోగ్యంతో పని పోయిన రోజులు తగ్గాయి. పశ్చిమ ఆస్ట్రేలియా బస్సెల్టన్ పట్టణంలో 1990లో నిద్ర పరీక్షలు చేసి, ఆ జనాన్ని 14 ఏళ్లు గమనించిన అధ్యయనం కూడా ఉంది. మధ్యస్థం నుంచి తీవ్రం దాకా ఆప్నియా ఉన్నవాళ్లలో చావులు మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ. అది చిన్న జనాభా, నిజమే. కానీ అది తెలిసి కూడా కాటా చూసి ధైర్యం తెచ్చుకోగలవాళ్లు నాకు అర్థం కారు.

స్టీరింగ్ పట్టుకునేవాళ్ల సంగతి వేరేగా చెప్పాలి. మన కుర్రాళ్లు, పెద్దవాళ్లు ఎంతమంది రాత్రిళ్లు ఊబర్ నడుపుతున్నారు, ట్రక్కులు నడుపుతున్నారు, వేర్‌హౌస్ షిఫ్టు ముగించుకుని తెల్లవారుజామున ఫ్రీవే మీద ఇంటికి వస్తున్నారు! ఇక్కడ ఆస్ట్‌రోడ్స్ అనే సంస్థ ఇచ్చిన డ్రైవింగ్ అర్హత ప్రమాణాలు ఈ జబ్బు గురించి స్పష్టంగా చెప్పాయి. పగటి నిద్రతో కూడిన స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లకు వాణిజ్య లైసెన్సు షరతులతోనే ఇస్తారు. చికిత్స సరిగ్గా తీసుకుంటున్నారని స్పెషలిస్టు చెప్పాలి, ఏటా సమీక్ష జరగాలి. లైసెన్సు పోతుందని భయపడి జబ్బు దాచేవాళ్లు ఉన్నారు. వాళ్ల భయం నాకు తెలుసు, ఆ లైసెన్సు మీదే ఇంటి వాయిదా నడుస్తుంది. కానీ ఆ నిబంధనల్లో వాళ్లను కాపాడేదే చికిత్స. మిషన్‌లో నమోదయ్యే ప్రతి రాత్రి లెక్క వాళ్ల తరఫున సాక్ష్యం. ఎవడో చెప్పాడని దాన్ని పారేసుకున్నవాడు సాక్ష్యాన్నీ పారేసుకున్నాడు, రోడ్డు మీద పక్క లేన్‌లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్తున్న ఇంకో కుటుంబాన్నీ ప్రమాదంలోకి లాగాడు. ఇందులో "నా ఒళ్లు నా ఇష్టం" అనే వాదనకు చోటు లేదు.

మిషన్ అమ్మేవాళ్లను కూడా వదలను. మాస్క్ అమర్చేటప్పుడు అరగంట చెప్పేవాళ్లు, "బరువు బాగా తగ్గితే మళ్లీ టెస్టు చేయించుకోండి, అవసరం లేదని తేలితే తీసేయొచ్చు" అనే ఒక్క వాక్యం ఎందుకు చెప్పరు? ఆరు నెలలకోసారి కొత్త కుషన్, కొత్త గొట్టం కొనమని మెసేజీలు వస్తాయి. మళ్లీ టెస్టు గురించి మెసేజీ రాదు. జీవితాంతం అనే మాట ఒక్కటే రోగి చెవిలో మిగులుతుంది. ఆ మాటకు హడలిపోయిన మనిషి వాట్సాప్‌లో "పది కిలోలు చాలు" అన్నవాడి కాళ్ల మీద పడతాడు. రోగిని అబద్ధం వైపు తోసిన పాపంలో ఈ మౌనానికి వాటా ఉంది. ప్రభుత్వానికీ ఉంది. టెస్టుకు డబ్బిచ్చే మెడికేర్ మిషన్‌కు ఇవ్వదు. వెయ్యి డాలర్లు దాటే వస్తువు అది. టెంపరరీ వీసా మీద ఉన్న చాలామందికి, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మెడికేరే లేదు. భారత్‌తో ఆస్ట్రేలియాకు వైద్య ఒప్పందం లేదు. అంత ఖర్చు ముందు నిలబడ్డ మనిషికి "ఊరికే తగ్గు చాలు" అన్న మాట తియ్యగా వినిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. ఆ తియ్యటి మాట అమ్ముకునేవాళ్ల మీదే కోపం.

మెడికేర్ ఉన్నవాళ్లు సాకు చెప్పడానికి లేదు. హాస్పిటల్‌లో రాత్రంతా చేసే పునఃపరీక్షకు మెడికేర్ పట్టికలో 12205 అనే ఐటమ్ ఉంది. బరువులో పెద్ద మార్పు రావడాన్ని ఆ పరీక్షకు ఒక కారణంగా అందులోనే రాశారు, మిషన్ డేటాతో విషయం తేలనప్పుడు చేయమని. ఇంట్లో చేసే టెస్టు 12250 కింద ఏడాదికి ఒకసారి దొరుకుతుంది. బరువు పదో వంతు తగ్గినవాళ్లు జీపీ దగ్గరికి వెళ్లి గట్టిగా అడగండి. "నాకు మిషన్ లేకుండా టెస్టు చేయించండి, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత, ఆక్సిజన్ ఎంతకు పడింది, అన్నీ విడివిడిగా చెప్పండి" అని అడగండి. టెస్టుకు ముందు మిషన్ ఎన్ని రాత్రులు ఆపాలో స్పెషలిస్టు చెబుతాడు, మీరే నిర్ణయించుకోవద్దు. అంకె 5 కిందికి వచ్చి, పగలు నిద్ర రాకుండా, రక్తపోటు అదుపులో ఉంటే డాక్టర్‌తో మాట్లాడి మాస్క్ తీసేయండి. మధ్యలో ఎక్కడో ఆగితే దారులు ఇంకా ఉన్నాయి. కింది దవడను ముందుకు పట్టి ఉంచే పళ్ల సెట్టు ఉంది, పక్కకే పడుకునేలా చేసే బెల్టులు ఉన్నాయి. మిషన్ లేకపోతే ఏమీ లేదన్నది కూడా అబద్ధమే. తీసేసినవాళ్లు మిషన్‌ని అమ్మకండి. బరువు వెనక్కి వస్తే, మెనోపాజ్ దాటితే, వయసు పైబడితే గొంతు మళ్లీ మారుతుంది. అప్పుడు మళ్లీ టెస్టు.

మా గ్రూపుల్లో తగ్గిన కిలోలు చూపించి మిషన్ మానేయమని చెబుతున్న ప్రతి అన్నకూ, ప్రతి అక్కకూ నేనడిగేది ఒక్కటే. మీరు మానిపించినవాళ్లలో ఎంతమందికి తర్వాత స్లీప్ స్టడీ చేయించారు? రిపోర్టులు ఉంటే పెట్టండి, అందరం చదువుతాం. లేకపోతే ఆ పోస్టు ఈ రాత్రే తీసేయండి. మీ మాట నమ్మి ఇప్పటికే మాస్క్ పక్కన పెట్టినవాళ్లకు మీరే ఫోన్ చేసి, టెస్టు అయ్యేదాకా మళ్లీ పెట్టుకోమని చెప్పండి.